విండోస్ వదిలి లినక్స్‌కు వెళ్లేటప్పుడు కొత్త కంప్యూటర్ కొనాలా, ఉన్నదానితోనే మారాలా?

తెనాలి డీటీపీ:
మాది చిన్న డీటీపీ దుకాణం. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, కోర్టు కాగితాలు చేస్తాం. దుకాణంలో ఉన్నది ఏడో తరం ఐ5 కంప్యూటర్, 8 జీబీ ర్యామ్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపైన ఉన్న ప్రాసెసర్లకే అధికారికంగా అనుమతి. పైగా టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. మా యంత్రానికి ఏ జబ్బూ లేదు, ఒక్క తరం తేడాతో పనికిరానిదైపోయింది.

విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్; అందులో ఒక రకమైన లినక్స్ మింట్‌కు మారాలని నిశ్చయించుకున్నాను. ఎలాగూ మారుతున్నావు కాబట్టి మంచి కంప్యూటర్ చూసి కొనుక్కో అని తమ్ముడు అంటున్నాడు. పాతదాని మీద లినక్స్ చక్కగా నడుస్తుంది, డబ్బు తగలేయవద్దని స్నేహితులు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి. ముప్పై వేలు దాటి పెట్టలేను.

సికింద్రాబాద్ మెకానిక్:
కొనవద్దు. ఏడో తరం ఐ5కి మింట్ ఏమాత్రం బరువు కాదు. లోపల ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి, ర్యామ్ 16 జీబీ చేయించండి. మీ బడ్జెట్‌లో చాలా భాగం జేబులోనే ఉంటుంది.

అయితే ముందుగా పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్ తెరవండి. డిస్క్ మీద ఏమీ రాయకుండానే మొత్తం సిస్టమ్ నడుస్తుంది. ఆ స్థితిలోనే అన్నీ చూసుకోవాలి. వైఫై అందుకుంటోందా, స్పీకరు మోగుతోందా, నిద్రావస్థలోకి పంపి లేపితే తెర తిరిగి వెలుగుతోందా, స్కానరు కనబడుతోందా. ల్యాప్‌టాప్ అయితే మూత మూసి తెరిచి చూడాలి, వెలుతురు తగ్గించే మీటలు నొక్కి చూడాలి. చాలామంది ఫైర్‌ఫాక్స్ తెరుచుకోగానే అంతా బాగుందనుకుని ఇన్‌స్టాల్ కొట్టేస్తారు. వారం తర్వాత నా దగ్గరికి వస్తారు.

థింక్‌ప్యాడ్ పక్షపాతి:
మెకానిక్ గారి పరీక్ష సరైనదే, తీర్పుతో మాత్రం ఏకీభవించను. లినక్స్‌ను తిట్టుకుంటూ విండోస్‌కు తిరిగి వెళ్లినవారిని అడిగి చూడండి. ఎక్కువమందికి ఇబ్బంది పెట్టింది వైఫై చిప్పో, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డో, వేలిముద్ర రీడరో అయి ఉంటుంది. చేతికి అందిన యంత్రం మీద వేసి, పని చేయకపోతే లినక్స్‌ను నిందించడం అన్యాయం. సిస్టమ్ మారుతున్నప్పుడు దానికి తగిన యంత్రాన్ని ఎంచుకోవాలి.

అలాగని కొత్తది కొనమనను. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన ఆఫీసు ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో వరుసగా దొరుకుతాయి. థింక్‌ప్యాడ్ టీ480 ఉదాహరణగా తీసుకోండి. ఎనిమిదో తరం ఇంటెల్, ర్యామ్ పెట్టుకోవడానికి రెండు స్లాట్లు, బయటికి ఊడదీయగల బ్యాటరీ. లెనోవో, డెల్ రెండూ తమ ఆఫీసు మోడళ్లలో చాలావాటికి బయోస్ (కంప్యూటర్ వెలగగానే ముందు నడిచే ప్రోగ్రాము) అప్‌డేట్లను లినక్స్‌లోకే నేరుగా పంపిస్తాయి, అందుకోసం విండోస్ ఉంచుకోనక్కర్లేదు. గ్రాఫిక్స్ ఇంటెల్‌ది ఉన్నదే తీసుకోండి, డ్రైవర్లు లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోనే వస్తాయి.

నిన్నగాక మొన్న విడుదలైన మోడల్ జోలికి మాత్రం వెళ్లకండి. ఇంటెల్ పన్నెండో తరం నుంచి వచ్చిన కొన్ని ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో కెమెరాను ప్రాసెసర్‌లోని ఇమేజ్ యూనిట్‌కు నేరుగా కలిపారు. వాటిలో లినక్స్ కింద కెమెరా పని చేయించడానికి జనం నానా అవస్థలు పడ్డారు. స్నాప్‌డ్రాగన్ చిప్పుతో వస్తున్నవాటికైతే లినక్స్ మద్దతు ఇంకా పూర్తి కాలేదు. లినక్స్ విషయంలో కాస్త పాతబడ్డ యంత్రమే నమ్మకమైనది.

సికింద్రాబాద్ మెకానిక్:
సీటీసీ మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతాను. ఆ వరుసల్లో మంచివీ ఉన్నాయి, పైన తుడిచి లోపల ఏమీ చూడకుండా అమ్మేవీ ఉన్నాయి. కొనేముందు ఇదే పెన్‌డ్రైవ్‌ను దుకాణంలోనే పెట్టి చూడనివ్వమనండి. ఒప్పుకోకపోతే పక్క దుకాణానికి వెళ్లండి. బ్యాటరీ తయారైనప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అన్నది లినక్స్‌లో ఒక్క ఆదేశంతో తెలుస్తుంది. బయోస్‌కు ఎవరైనా పాస్‌వర్డ్ పెట్టి వదిలేశారా అన్నది కూడా చూడాలి, అది ఉంటే తర్వాత తల పట్టుకోవాల్సిందే.

డాలస్ నుంచి:
ఇంత పరీక్ష ఎందుకు? మ్యాక్‌కు మారితే డ్రైవర్ల గొడవే ఉండదు. తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు అందులోనే ఉంటాయి. 2020లో వచ్చిన ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఇప్పటికీ ఫ్యాన్ లేకుండా, వేడెక్కకుండా పని చేస్తోంది. వాడినది కొనుక్కున్నా చాలు.

థింక్‌ప్యాడ్ పక్షపాతి:
మ్యాక్ మంచి యంత్రం, కాదనను. కానీ ఎమ్1లో ర్యామ్ చిప్పులోనే కలిసి ఉంటుంది. 8 జీబీది కొంటే జీవితాంతం 8 జీబీయే. అందులో ఇంటెల్ మ్యాక్‌లలాగా విండోస్‌ను విడిగా పెట్టుకునే బూట్ క్యాంప్ కూడా లేదు. డీటీపీ ఆయనకు పాత విండోస్ అవసరం పడితే ఏం చేస్తారు?

వరంగల్ పన్నుల సలహాదారు:
నా పరిస్థితి చెబుతాను, మీకు లెక్కకు వస్తుంది. మా పని ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ట్యాలీప్రైమ్ విండోస్‌కే తయారైంది. డిజిటల్ సంతకం టోకెన్లలో కొన్నింటికి లినక్స్ డ్రైవర్ ఉంది, కొన్నింటితో కుస్తీ పట్టాలి. రిటర్నుల గడువు రోజున ఆ కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు. అందుకే నేను మారలేదు. విండోస్ 10 వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. ఈలోగా విండోస్ 11 యంత్రం కొంటాను. మారాలన్న ఉత్సాహం ఒక్కటే సరిపోదు, చేతిలో ఉన్న పని ఏమిటో చూడాలి.

బడిపంతులమ్మ:
ఈ మాట విని లినక్స్ అంటేనే భయపడేవారు ఉంటారని రాస్తున్నాను. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి పిల్లలు లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఆధారిత సిస్టమ్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. మా బడిలో మూలన పడిన కంప్యూటర్లకు లినక్స్ వేయించాం, పిల్లలకు ఏ తేడా తెలియలేదు. కొత్తది కొనేంత స్తోమత లేని బడికి, ఇంటికి పాత యంత్రమే దిక్కు. ఆ దారి మూసేయకండి.

అచ్చుయంత్రం:
ముప్ఫై ఏళ్లుగా ఈ డీటీపీ లోకంలోనే ఉన్నాను, లినక్స్ కూడా వాడుతున్నాను. ఇంతసేపూ ప్రాసెసర్లు, ర్యాముల మీద మాటలు సాగాయి. తెనాలి ఆయన దుకాణం నడిచేది అను అనే తెలుగు ఫాంట్ల మీద, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద. అవి ఏమవుతాయో ఎవరూ అడగలేదు.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, అది 2001 నాటిది. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) కావు. తెర మీద మనకు కనిపించేది తెలుగే అయినా, ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫైలును లినక్స్‌లో లిబ్రాఆఫీస్ డ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరవవచ్చు, ఆ మేరకు దానికి శక్తి ఉంది. కానీ ఫాంటు లేకపోతే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట అర్థంలేని గుర్తులు వస్తాయి. ఫాంటు ఉన్నా పేజీ అమరిక అటూ ఇటూ జరుగుతుంది. పదిహేనేళ్ల నాటి గృహప్రవేశం పత్రికను తీసుకువచ్చి, పేర్లు మార్చి ఇవ్వమని అడిగే ఖాతాదారులు ఉన్న దుకాణంలో ఇది చిన్న విషయం కాదు.

కొత్త పనులను యూనికోడ్‌లో చేయడానికి లినక్స్‌లో ఏ లోటూ లేదు. పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. రామభద్ర, మండలి, సురన్న, గిడుగు వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, పత్రికలకు శీర్షికలకు బాగా నప్పుతాయి. టైపింగ్ అలవాటు గురించి భయం ఉంటే, లినక్స్‌లో భాషల టైపింగ్‌ను నడిపే ఐబస్‌లో ఎమ్17ఎన్ అనే కీబోర్డుల ప్యాకేజీ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌తోపాటు డీటీపీవాళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు లేఅవుట్ కూడా అందులో ఉంది. పెన్‌డ్రైవ్ పరీక్షలోనే ‘లక్ష్మి’, ‘రాష్ట్రీయ’, ‘స్వాతంత్ర్యం’ కొట్టి, పీడీఎఫ్ చేసి, ప్రింటు తీసి చూసుకోండి. తెర మీద బాగున్న ఒత్తు కాగితం మీద విడిపోయిందంటే అప్పుడే తెలియాలి.

ప్రింటరు అసలు సంగతి. మన ఊళ్ల దుకాణాల్లో ఎక్కడ చూసినా కనిపించే కెనన్ ఎల్‌బీపీ 2900 కేప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. దాని లినక్స్ డ్రైవర్ ఎప్పటిదో, ఇప్పటి సిస్టమ్‌లలో వేయడం తలనొప్పి. హెచ్‌పీ ప్రింటర్లకు హెచ్‌పీలిప్ అనే లినక్స్ డ్రైవర్ ఉంది కాబట్టి చాలావరకు సాఫీగా నడుస్తాయి. కంప్యూటర్ ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ప్రింటరు చెబుతుంది.

ఇక నా సలహా. ఉన్న కంప్యూటర్‌ను చెరపకండి. దాని నెట్ కేబుల్ పీకి, విండోస్ 10తోనే, అను ఫైళ్ల కోసం ఉంచండి. రెండో యంత్రంగా వాడినదొకటి కొని, లినక్స్ దాని మీద వేయండి. పేజ్‌మేకర్ పనిని పీడీఎఫ్‌గా మార్చి, ప్రింటు మాత్రం లినక్స్ నుంచి తీయండి. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఒదిగి ఉంటాయి కాబట్టి రెండో యంత్రంలో అను లేకపోయినా ఫరవాలేదు. అంటే తమ్ముడు చెప్పిందే సరి, కారణం మాత్రం వేరు.

సికింద్రాబాద్ మెకానిక్:
అయ్యా, రెండో యంత్రం ఎందుకండీ? కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టి, అందులో పేజ్‌మేకర్ వేస్తే సరిపోతుంది. 2001 నాటి సాఫ్ట్‌వేర్‌కు ఎంత ర్యామ్ కావాలి? 16 జీబీలో రెండు జీబీ దానికి ఇస్తే పరుగెడుతుంది. ఆ వర్చువల్ యంత్రం మొత్తం ఒక ఫోల్డరులో ఉంటుంది, రేపు కంప్యూటర్ కాలిపోతే ఇంకోదానికి కాపీ చేసుకోవచ్చు. మీరు చెప్పిన పద్ధతిలో పాత మదర్‌బోర్డు పోయిన రోజున పేజ్‌మేకర్ కూడా దానితోపాటే పోతుంది.

అచ్చుయంత్రం:
మదర్‌బోర్డు మాట నిజం. దానికి నా దగ్గర ఎదురు లేదు, డిస్క్‌కు ప్రతి తీసి పెట్టుకోవాల్సిందే. కానీ దుకాణంలో కూర్చునేది మీరూ నేనూ కాదు. టైపు చేసే అమ్మాయి ముందు ఖాతాదారు నిలబడి ఉంటారు. వర్చువల్ యంత్రం తెరిచి, పెన్‌డ్రైవ్‌ను దానికి కలిపి, ఫోల్డరు పంచుకుని, ఇవన్నీ ఆమెకు నేర్పేవారెవరు? రెండు తెరలు పక్కపక్కన ఉంటే ఏ పని ఎక్కడో చెప్పనక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నెట్ తీసేసినంత మాత్రాన పాత విండోస్ క్షేమంగా ఉండదు, డీటీపీ దుకాణంలోకి వైరస్ వచ్చేది ఖాతాదారుల పెన్‌డ్రైవ్‌లతోనే. బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు లినక్స్ యంత్రంలోనే పెట్టాలి, కావలసిన ఫైలు మాత్రమే మీ సొంత డ్రైవ్‌లోకి ఎక్కించుకుని పాతదానికి తీసుకువెళ్లాలి.

తెనాలి డీటీపీ:
అందరికీ ధన్యవాదాలు. మా ప్రింటరు ఆ 2900యే. ఆదివారం దుకాణం మూసి ఉంటుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌తో మింట్ తెరిచి, ముందు దానితో ఒక పేజీ తీయడానికి ప్రయత్నిస్తాను. అది కుదిరితే మెకానిక్ గారు చెప్పినట్టు ర్యామ్ పెంచి, వర్చువల్‌బాక్స్‌ను నేనే వాడి చూసి, మా అమ్మాయికి నేర్పగలనో లేదో తేల్చుకుంటాను. కుదరకపోతే ముప్పై వేలలో హెచ్‌పీ ప్రింటరు, వాడిన కంప్యూటర్ రెండూ రావాలి. అచ్చుయంత్రం గారూ, రంగుల పత్రికలకు స్క్రైబస్ నుంచి ఇచ్చే సీఎమ్‌వైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల) పీడీఎఫ్‌ను విజయవాడ ఆఫ్‌సెట్ ప్రెస్సులు తీసుకుంటాయా?

అచ్చుయంత్రం:
అచ్చు కోసం ఉద్దేశించిన పీడీఎఫ్/ఎక్స్ పద్ధతిలో ఎగుమతి చేసే సౌకర్యం స్క్రైబస్‌లో ఉంది. ప్రెస్సువారు ఏ వెర్షన్ అడుగుతున్నారో ముందే కనుక్కోండి. మొదటి పనికి నల్ల అక్షరాలు నలుపు ప్లేటులోనే పడ్డాయో లేదో, నాలుగు రంగుల్లోకీ చీలాయో ప్రింట్ ప్రివ్యూలో ఒక్కో రంగు విడదీసి చూసి పంపండి.