లినక్స్ ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఇమేజ్ పాడుచేస్తే ఎర్రర్ 117 రావాలి, 74 వస్తోంది. కొంచెం చూడండి సామీ

బైరాగిపట్టెడ_బిట్టు, రాత్రి 11:40
సాయంత్రం ఆరింటి నుంచి దీని ముందే కూర్చున్నా. మెటాడేటా (ఫైళ్ల గురించి ఫైల్‌సిస్టమ్ రాసుకునే లెక్కలు) పాడైతే ఫైల్‌సిస్టమ్ సరిగ్గా పట్టుకుంటోందా లేదా అని చూసే చిన్న రిగ్రెషన్ టెస్ట్ ఇది. 64 ఎంబీ ఇమేజ్ (డిస్క్‌లా వాడే ఒక ఫైల్) చేసి, అందులో ఒక ఫైల్ పెట్టి, అన్‌మౌంట్ చేసి, డీడీ కమాండ్‌తో ఆ ఫైల్ ఐనోడ్‌లో (ఫైల్ వివరాలుండే రికార్డు) నాలుగు బైట్లు సున్నా చేస్తా. మళ్లీ మౌంట్ చేసి, ఫైల్ చదవడానికి క్యాట్ కొడితే ‘స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్’ అనాలి, అంటే 117. ఇప్పుడేమో ‘బ్యాడ్ మెసేజ్’ అంటోంది, 74. నేనెవరికీ మెసేజే పెట్టలేదు! స్క్రిప్ట్ నిన్నటిదాకా బాగా నడిచింది. ఒక్క అక్షరం మార్చలేదు.

రేణిగుంట_రూట్, 11:44
డీమెస్గ్, అదే కర్నెల్ మెసేజ్‌ల లాగ్, పెట్టు.

పాత_సర్వర్_మామ, 11:52
బాబూ, ముందు నీ మెషీన్‌కి యూపీఎస్ ఉందా? మెటాడేటా పాడవడానికి మొదటి కారణం కరెంటు. మన వైపు ఎండాకాలంలో ఎన్నిసార్లు పోయొస్తుందో నేను చెప్పక్కర్లేదు. జర్నల్ (మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా) ఉంది కదా అని ధీమాగా ఉంటారు. డిస్క్ తన రైట్ క్యాష్‌లో పెట్టుకుని ‘రాసేశా’ అని అబద్ధం చెప్తే జర్నల్ మాత్రం ఏం చేస్తుంది? బ్యారియర్ (క్యాష్‌లోది డిస్క్ మీదికి రాయించే ఏర్పాటు) ఆపేసి మౌంట్ చేసే మహానుభావుల్ని కూడా చూశా. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చారో చూసుకో.

బైరాగిపట్టెడ_బిట్టు, 11:55
మామా, ఇక్కడ డిస్క్ పాడవలేదు. నేనే పాడుచేశా, కావాలని.

పాత_సర్వర్_మామ, 11:59
కావాలని చేస్తే అది రిగ్రెషన్ టెస్ట్ ఎట్లా అవుతుంది? తప్పును చొప్పించి చూడటం అంటారు దాన్ని. మాటలు సరిగ్గా వాడితే సగం సందేహాలు రావు.

చిత్తూరు_చెక్‌సమ్, అర్ధరాత్రి 12:03
అంతకుముందు దొరికిన బగ్ మళ్లీ రాకుండా అదే పాడైన ఇమేజ్‌ని ప్రతి వెర్షన్ మీదా నడిపితే అది రిగ్రెషనే మామా. ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ (ఈఎక్స్‌టీ4 టూల్స్) సోర్స్‌లో టెస్ట్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఒక్కో సబ్‌ఫోల్డర్‌లో ఒక పాడైన ఇమేజ్, పక్కనే రావాల్సిన అవుట్‌పుట్ రెండు ఫైళ్లలో ఉంటాయి. మొదటిసారి ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తనిఖీ టూల్) రిపేర్ చేసి 1 కోడ్‌తో బయటికి రావాలి, రెండోసారి తప్పులేవీ దొరక్క 0 రావాలి. రిపేర్ చేసి కూడా రెండోసారి తప్పు దొరికితే అసలు బగ్ అదే.
ఇంతకీ బిట్టూ, ఎక్స్ఎఫ్ఎస్ (ఇంకో ఫైల్‌సిస్టమ్) మీద చేసుంటే ఈ తిప్పలుండవు. దాని టూల్ ఎక్స్ఎఫ్ఎస్_డీబీలో రాసేటప్పుడే సీఆర్‌సీ చెక్‌సమ్ (డేటా మారితే పట్టిచ్చే లెక్క) మళ్లీ లెక్కేయాలా, వదిలేయాలా అని మనమే చెప్పొచ్చు.

రేణిగుంట_రూట్, 12:05
అడిగింది ఈఎక్స్‌టీ4. డీమెస్గ్ ఏదీ?

బైరాగిపట్టెడ_బిట్టు, 12:11
సారీ అన్నా, ఇదిగో. ‘ఐగెట్: చెక్‌సమ్ ఇన్‌వాలిడ్’ అని ఉంది, ఐనోడ్ 12. ఆఫ్‌సెట్ చేత్తో రాసింది కాదు, డీబగ్ఎఫ్ఎస్‌లో (ఈఎక్స్‌టీ4 లోపలిది చూసి మార్చే టూల్) ఐమ్యాప్ కొట్టి స్క్రిప్టే తీసుకుంటుంది. నేను సున్నా చేసేది ఎక్స్‌టెంట్ హెడర్ (ఫైల్ డేటా ఏ బ్లాకుల్లో ఉందో చెప్పే భాగం) మొదలు, దాని గుర్తు సంఖ్య ఎఫ్30ఏ ఉండే చోటు.

రేణిగుంట_రూట్, 12:13
నిన్న ఏ మెషీన్?

బైరాగిపట్టెడ_బిట్టు, 12:16
నా పాత ల్యాప్‌టాప్, ఉబుంటు 16.04. ఇవాళ ల్యాబ్‌లో కొత్త సర్వర్ ఇచ్చారు, 22.04. స్క్రిప్ట్ మాత్రం అదే.

రేణిగుంట_రూట్, 12:17
ఆ ముక్క మొదటే చెప్పాల్సింది.

పుత్తూరు_పెంగ్విన్, 12:31
ఇందులో బగ్ ఏమీ లేదమ్మా బిట్టూ. ఐనోడ్, బిట్‌మ్యాప్, డైరెక్టరీ బ్లాక్ లాంటి వాటన్నిటికీ చెక్‌సమ్ పెట్టే ఫీచర్ కర్నెల్‌లోకి 3.5 తోనే, 2012లో వచ్చింది. ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్‌లో అది డిఫాల్ట్ అయింది 1.43 నుంచి, 2016లో. నీ 16.04 లో ఉన్నది 1.42.13. అందుకే అక్కడ చేసిన ఇమేజ్‌లో చెక్‌సమ్ లేదు. కర్నెల్ నేరుగా ఎక్స్‌టెంట్ హెడర్ దాకా పోయింది, ఎఫ్30ఏ కనపడలేదు, 117 ఇచ్చింది. కొత్తదాంట్లో ఐనోడ్ చదవగానే ముందు చెక్‌సమ్ చూస్తుంది. నువ్వు డీడీతో బైట్లు మార్చావే కానీ చెక్‌సమ్ మార్చలేదు. అక్కడే 74 ఇచ్చి వెనక్కి పంపింది. చెక్‌సమ్ తప్పుకి వేరే నంబర్ లేక, ఉన్న ‘బ్యాడ్ మెసేజ్’ నంబర్‌నే కర్నెల్ వాళ్లు వాడుకున్నారు. పేరు చూసి కంగారు పడొద్దు.
అలిపిరిలోనే సంచి పక్కన పెట్టేస్తే కొండ మీద తనిఖీ ఎట్లుందో నీకెట్లా తెలుస్తుంది? డీడీ వాడినంతకాలం హెడర్ చూసే కోడ్ నీ టెస్ట్‌లో అసలు నడవదు. డీడీ బదులు డీబగ్ఎఫ్ఎస్‌ని రాయడానికి వీలుగా హైఫన్ డబ్ల్యూతో తెరిచి, సెట్_ఐనోడ్_ఫీల్డ్‌తో ఆ మొదటి బ్లాక్ పదాన్ని సున్నా చెయ్యి. రాసేటప్పుడు చెక్‌సమ్ అదే సరిచేస్తుంది. అప్పుడు వస్తుంది నీ 117.

రేణిగుంట_రూట్, 12:34
అంత అక్కర్లేదు. ఇమేజ్ చేసేటప్పుడు మెటాడేటా_సీసమ్, అంటే ఆ చెక్‌సమ్ ఫీచర్, తీసెయ్. ఒక్క ఆప్షన్.

పుత్తూరు_పెంగ్విన్, 12:40
తీసేస్తే పని జరుగుతుంది, కాదనను. కానీ ఇప్పుడు కొత్తగా చేసే ఇమేజ్‌లు డిఫాల్ట్‌గా చెక్‌సమ్‌తోనే వస్తాయి కదా. లేనిదాని మీద పాసై ఏం లాభం? రెండూ పెట్టుకో బిట్టూ: డీడీతో 74, డీబగ్ఎఫ్ఎస్‌తో 117.

రేణిగుంట_రూట్, 12:42
అతనికి కావాల్సింది 117.

చిత్తూరు_చెక్‌సమ్, 12:44
రూట్ గారూ, చెక్‌సమ్ తీసెయ్యమనడం నా పేరుకే అవమానం.

పాత_సర్వర్_మామ, 12:50
ఇంతకీ ల్యాబ్ సర్వర్‌కి యూపీఎస్ ఉందా లేదా ఎవరూ చెప్పలేదు.

బైరాగిపట్టెడ_బిట్టు, పొద్దున 7:20
రూట్ అన్న చెప్పినట్టు సీసమ్ తీసేశా, 117 వచ్చింది. అందరికీ థాంక్స్. రాత్రి నిద్ర లేదు, టిఫిన్‌కి పోతున్నా.

పుత్తూరు_పెంగ్విన్, 7:48
ఆ రెండో టెస్ట్ పెట్టావా మరి?

పాత_సర్వర్_మామ, 9:05
యూపీఎస్ సంగతి?