ఆరుగురు పనిచేసే షెడ్డుకు కార్మిక పరిహార బీమా అవసరమా?

ప్రశ్న: షెడ్డు యజమాని, విజయవాడ ఆటోనగర్

లారీలకు బాడీ కట్టే చిన్న షెడ్డు నాది. వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లు కలిపి ఆరుగురే కనుక ఈఎస్‌ఐ వర్తించలేదు. గత నెల రేకు కోసే మెషీనులో పడి, ముప్పై అయిదేళ్ల ఫిట్టరు కుడిచేతి చూపుడువేలు మొదలంటా తెగిపోయింది. నెత్తురు కారుతున్న తువ్వాలు బిగబట్టుకుని ఆటోలో నా పక్కన కూర్చున్న అతడు, సుత్తి పట్టగలనా అని ఒకే మాట పదేపదే అడిగాడు. ఆస్పత్రి బిల్లంతా నేనే కట్టాను. అంతటితో నా బాధ్యత తీరిందా? బీమా ఉంటే ఎవరికి ఏ మేలు జరిగి ఉండేది?

జవాబు: కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన వ్యక్తి, గుంటూరు

తీరలేదండీ. వైద్య ఖర్చు వేరు, పరిహారం వేరు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని ఈ బాధ్యతే 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ కొనసాగుతోంది. తప్పు మీదని నిరూపించాల్సిన పని కూడా కార్మికుడికి లేదు, పని చేస్తుండగా, ఆ పని వల్ల దెబ్బ తగిలితే చాలు. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే నెల జీతం పరిమితి 15,000 రూపాయలు. అందులో 60 శాతం, అంటే 9,000ను 35 ఏళ్ల వయసుకు చట్టం నిర్ణయించిన 197.06తో గుణించి, వచ్చిన మొత్తంలో చూపుడువేలు పూర్తిగా పోయినందుకు 14 శాతం లెక్కిస్తే, అతని జీతం 15,000కు తగ్గనిదైతే, సుమారు 2,48,295 రూపాయలు వస్తుంది. మీరిద్దరూ ఒక మొత్తానికి ఒప్పుకున్నా, ఆ ఒప్పందాన్ని కార్మిక శాఖ అధికారి వద్ద నమోదు చేయించండి. ప్రాణమే పోయిన సందర్భంలోనైతే డబ్బు కుటుంబం చేతికి నేరుగా ఇస్తే చెల్లదు, అధికారి వద్ద జమ చేయాల్సిందే. ఈ నియమం తెలియక, ఇచ్చినదే మళ్లీ కట్టాల్సి వచ్చిన యజమానులను నేను చూశాను.

జవాబు: బీమా ఏజెంటు, విజయవాడ

జరిగిపోయిన ప్రమాదానికి ఇప్పుడు తీసుకునే పాలసీ పనికిరాదు, ఆ మొత్తం మీరే ఇవ్వాలి. ఇకముందు మాత్రం పాలసీ ఉంటే, షెడ్డు అమ్ముకోవలసిన స్థితి మీకు, యజమాని చేతిలో డబ్బుందో లేదోనన్న దిగులు కార్మికుడికి ఉండవు. ప్రీమియం ఏడాది మొత్తం జీతాలను, పని ప్రమాద స్థాయిని బట్టి ఉంటుంది. దాన్ని తగ్గించుకోవాలని జీతాలు తక్కువ చూపకండి. క్లెయిము వచ్చిన రోజున కోత పడేది అక్కడే. వైద్య ఖర్చులు, కాంట్రాక్టు మనుషులు పాలసీలో ఉన్నారో లేదో చదివి చూసుకోండి. పరిహారం ఇవ్వడంలో ఆలస్యానికి పడే జరిమానాను బీమా కంపెనీ భరించదు.

జవాబు: వెల్డరు, ఆటోనగర్

అన్నగారూ, మా షెడ్డులో పాలసీ ఉందని రెండేళ్ల తరువాత నాకు తెలిసింది. మీరు తీసుకుంటే దాని నకలు ఒకటి పనివాళ్లకు కనబడేలా గోడకు అంటించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నా హాజరు పుస్తకంలో అతని కూలి 400 రూపాయలుగా ఉంది, నిజానికి నేను ఇచ్చేది 600. ముందు ఆ పుస్తకం సరిచేసి, అసలు కూలి లెక్కతోనే రేపు ఫిట్టరును వెంటబెట్టుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళుతున్నాను.