తీరం ఇసుకలో ఖనిజాల తవ్వకం: గార వైపు ఊళ్లు ఒప్పుకోవాలా, వద్దా?

కళింగతీరం:
మాది గార మండలం, సముద్రాన్ని ఆనుకున్న ఊరు. ఇళ్లలోనే రెండు మాటలు నడుస్తున్నాయి కాబట్టి ఊరి పేరు రాయను. కళింగపట్నం లైట్‌హౌసు నుంచి శ్రీకూర్మం వైపు వస్తుంటే తీరంలో ఇసుక నల్లగా, అక్కడక్కడ ఎర్రగా చారలు కట్టి ఉంటుంది. నలుపు ఇల్మెనైట్, ఎరుపు గార్నెట్. వాటి కోసమే వత్సవలస వైపు ఒక ప్రైవేటు కంపెనీ కొన్నేళ్లు తవ్వింది, తర్వాత ఆగింది. 2019లో కేంద్రం నిబంధన మార్చాక మోనజైట్ అనే అణు ఖనిజం ఉన్న తీరపు ఇసుకను ప్రభుత్వ సంస్థలకే వదిలేశారు. ఇప్పుడు మళ్ళీ తవ్వకాల మాట ఊళ్లో తిరుగుతోంది. "ఈసారి ప్రభుత్వమే కదా, భయమెందుకు" అంటున్నారు కొందరు.

నా మాట ముందే చెప్పేస్తాను, నేను వ్యతిరేకిని. తవ్వేది ఎవరన్నది నాకు రెండో సంగతి. ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక దిబ్బ ఎవరు తవ్వినా పోయేదే. ఖనిజం తీసుకుని మిగతా ఇసుక మళ్ళీ అక్కడే పోస్తారట. పోసిన ఇసుక దిబ్బ అవుతుందా? నా గొడవంతా ఇదే. ఒప్పుకోవాలనేవాళ్లు కూడా రాయండి, తిట్లు లేకుండా.

వెరావల్ బోటు:
అన్నా, నేను ఒప్పుకోవాలనే అంటాను. మా నాన్న, చిన్నాన్న, నేను, ముగ్గురం బోట్ల మీద చేపల వేటకి గుజరాత్ వెరావల్ వెళ్లినవాళ్లమే. ఆగస్టులో రైలెక్కితే మళ్ళీ వేసవికే ఇల్లు. బోటు మీదే వంట, బోటు మీదే నిద్ర. 2018 నవంబరులో మన జిల్లా వాళ్లను పాకిస్తాన్ పట్టుకుపోయి 2020 జనవరి దాకా కరాచీ జైల్లో పెట్టింది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు పడ్డ బాధ చూసినవాళ్లకి తీరం అందం గురించి మాట్లాడాలంటే నోరు రాదు. ఇక్కడే పని ఉంటే అంత దూరం ఎవరు పోతారు? జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, పెద్ద బోటు కట్టుకోడానికి సరైన హార్బరు లేదు. బుడగట్లపాలెం హార్బరు మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. డిప్లొమా చదివిన కుర్రాళ్లు హైదరాబాద్‌లో సెక్యూరిటీ డ్యూటీలు చేస్తున్నారు. ప్లాంటు వస్తే ఫిట్టరో, ఎలక్ట్రీషియనో, డ్రైవరో, ఏదో ఒకటి దొరుకుతుంది. వద్దనేవాళ్లు ఇంకో పని చూపించి వద్దనండి.

ఎండుచేపల గంప:
మా పాప చేత రాయిస్తన్నాను. బాబూ, నువ్వు వెరావల్ కష్టం సెప్పినావు, నిజమే. మా ఇంటాయనా ఎల్లొచ్చినోడే. మరి ఆళ్లు అక్కడున్నన్నాళ్లూ ఊళ్లో పిల్లల్ని ఎలగ పెంచినాం అనుకుంతన్నావు? ఒడ్డు మీద పెదవల లాగితే ఒచ్చిన కవ్వళ్లు, నెత్తళ్లు ఆ ఇసక మీదే ఎండబెట్టి సంతకి అట్టుకెల్లి పెంచినాం. లీజు అని కంచె ఏసీసినాక తెప్ప ఎక్కడ పెడతారు, సేప ఎక్కడ ఎండబెడతాం? ఉద్యోగాలు అంతన్నారు కదా, అందులో ఆడోళ్లకి ఏటున్నాదో ఒక్కరు సెప్పండి. వల లాగీ సోటుకి ఎవుల పేరునా పట్టా ఉండదు. పట్టా నేదు కాబట్టి పరిహారమూ నేదు. ఆ లెక్కలో మేం లేనట్టే.

పాత జియాలజీ మాస్టారు:
కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యాను. ఆ అమ్మ అడిగినదానికి నా దగ్గర సమాధానం లేదు. దిబ్బ గురించి అడిగినదానికి ఉంది.

తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు లక్షల ఏళ్లుగా అరిగి, ఆ పొడి వంశధార, నాగావళి మీదుగా సముద్రంలో పడుతుంది. అలలు తేలిక గింజల్ని లాక్కుపోయి బరువు గింజల్ని ఒడ్డున వదిలేస్తాయి. గాలి దిబ్బ కడుతుంది. ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ అన్నీ అలా చేరినవే. గోడకి వేసే రంగుల్లో తెలుపు ఇల్మెనైట్, రూటైల్ నుంచి తీసే టైటానియం డయాక్సైడ్‌ది. జిర్కాన్ టైల్స్‌కి, గార్నెట్ సానబట్టడానికి. మోనజైట్‌లో రేడియేషన్ వచ్చే థోరియం, రేర్ ఎర్త్‌లనే అరుదైన లోహాలు ఉంటాయి. తవ్విన ఇసుకను నీళ్లతో కలిపి స్పైరల్స్ అనే మెలి తిరిగిన తొట్ల మీదుగా జారవిడిస్తే బరువు గింజలు విడిపోతాయి. ఆ తర్వాత అయస్కాంతాలతో, హై టెన్షన్ కరెంటుతో ఒక్కో ఖనిజాన్నీ వేరు చేస్తారు.

ఊళ్లో అందరూ రేడియేషన్ గురించే మాట్లాడుతున్నారు. మోనజైట్ ఆ ఇసుకలో ఇప్పుడూ ఉంది, తవ్వితే కొత్తగా పుట్టదు. ప్రమాదం అది ఒకచోట పోగయ్యే దగ్గర ఉంటుంది, అంటే ప్లాంటులో, గుట్టలుగా నిల్వ చేసే చోట, ఆ దుమ్ము పీల్చే కార్మికుల దగ్గర. దానికి అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు ఉన్నాయి, అవి పాటిస్తున్నారా లేదా అని గట్టిగా అడగాల్సిందే. కానీ ఊరి వాదన మొత్తం "క్యాన్సర్ వస్తుంది" అన్న ఒక్క మాట మీద నిలబెట్టకండి. ఒక్క కొలత చూపించి మిమ్మల్ని కూర్చోబెట్టేస్తారు.

మీరు పట్టుకోవాల్సింది నీళ్లు. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా మీ నూతుల్లో నీళ్లు ఎందుకు తియ్యగా ఉన్నాయి? దిబ్బలో ఇంకిన వాననీరు కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలబడుతుంది, ఉప్పునీరు కాస్త బరువు కాబట్టి. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల లోతు దాకా మంచినీరు ఉంటుంది. పైన ఆ ఒక్క అడుగూ తగ్గితే కింద 40 అడుగులూ క్రమంగా ఉప్పు లాగేసుకుంటుంది. దిబ్బ ఎత్తు తగ్గినా, తవ్విన గుంటల్లో నీరు తేలి ఎండకి ఆవిరైపోయినా, ఇసుక కడగడానికి బోర్లు వేసి తోడినా దెబ్బ తగిలేది ఆ మట్టానికే. ఒకసారి ఉప్పెక్కిన నుయ్యి మళ్ళీ తియ్యబడడానికి ఎన్ని వర్షాకాలాలు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక మళ్ళీ పోయడం. తీసుకెళ్లిన ఖనిజం మేర ఇసుక తగ్గుతుంది, దానికి వాదన అక్కర్లేదు. బరువు గింజలు పోయాక మిగిలిన ఇసుక తేలిక, గాలికి త్వరగా లేస్తుంది. పాత దిబ్బని పట్టి ఉంచింది మొగలి పొదలు, నేల మీద పాకే తీగలు, వాటి వేళ్లు. పోసిన ఇసుక మీద వరసగా సరుగుడు నాటితే ఫొటోలో పచ్చగానే కనిపిస్తుంది. అది సరుగుడు తోట, అంతే.

విశాఖలో పలాస:
మాస్టారూ, మీ మాట కాదనను, కానీ ఇంకో వైపు కూడా చూడాలి. దేశంలో మోనజైట్ నిల్వలు అన్నిటికన్నా ఎక్కువ మన రాష్ట్రంలోనే ఉన్నాయి. ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లకి, గాలిమరలకి కావాల్సిన అయస్కాంతాలు రేర్ ఎర్త్‌లతోనే చేస్తారు. 2025లో చైనా ఆంక్షలు పెట్టగానే మన బండ్ల కంపెనీలు ఎంత ఇబ్బంది పడ్డాయో చూశాం. సరిహద్దు దాటితే గంజాం జిల్లా ఛత్రపూర్‌లో కేంద్ర సంస్థ ఐఆర్‌ఈఎల్ 1980ల నుంచి ఇదే పని చేస్తోంది. కేరళలో చవర, తమిళనాడులో మణవాళకురిచ్చి అంతకన్నా పాతవి. అక్కడా ఊళ్లున్నాయి, జనం ఉన్నారు. ఖనిజం ఎక్కడుంటే అక్కడే కదా తవ్వాలి? తీరప్రాంత నిబంధనలు మామూలు ఇసుక తవ్వకాన్ని నిషేధిస్తూనే, వేరేచోట దొరకని అరుదైన ఖనిజాలకి వెసులుబాటు ఇచ్చాయి. పైగా జిల్లా ఖనిజ నిధి డబ్బు తవ్వకం దెబ్బ తగిలిన ఊళ్లకే ఖర్చు పెట్టాలని చట్టం. అన్నిటికీ వద్దంటూ పోతే వెరావల్ రైలు ఎప్పటికీ ఆగదు.

కళింగతీరం:
చవర పక్కనే కొల్లం జిల్లాలో ఆలప్పాడ్ ఉంది. 2018 చివర్లో, 2019లో అక్కడి జనం రోడ్డెక్కారు. సముద్రానికీ కాలువకీ మధ్య తమ ఊరు ఏటికేడు సన్నబడిపోతోందన్నది వాళ్ల మొర. అక్కడ తవ్వేదీ ప్రభుత్వ సంస్థలే. కాబట్టి "అక్కడా జనం ఉన్నారు" అని వదిలేయకండి, ఆ జనం ఏమంటున్నారో కూడా చెప్పండి. ఖనిజ నిధి ఖర్చు నిర్ణయించేది జిల్లా స్థాయి ట్రస్టు. రోడ్డు వేస్తారు, కమ్యూనిటీ హాలు కడతారు. ఉప్పెక్కిన నుయ్యిని ఏ నిధి బాగుచేస్తుంది?

కవిటి కొబ్బరి:
నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఉద్దానం నుంచి రాస్తున్నాను. మా దగ్గర కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. దాన్ని తవ్వకాలకి ముడిపెట్టే మాట ఎవరన్నా అంటే నేనే ఖండిస్తాను. కానీ నూతి నీళ్లంటే ఒకసారి భయం పట్టుకున్నాక ఊరు ఎలా అయిపోతుందో మాకు తెలుసు. ఇంట్లో ఉన్న నుయ్యి మీద మూత పెట్టేసి క్యాన్ల నీళ్లు కొనుక్కుంటూ బతికాం. చివరికి హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులేసి నీళ్లు తేవడానికి 700 కోట్ల పథకం కావాల్సి వచ్చింది. మీ నీళ్లు ఇప్పుడు బాగున్నాయి. బాగున్నప్పుడే కాపాడుకోవాలి.

తుఫాను సంగతి కూడా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా కొబ్బరి, జీడి తోటల్ని నేలకి పడేసింది. గాలిని ఏ దిబ్బా ఆపలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఉప్పెన నీటికి అడ్డం నిలబడేది మాత్రం దిబ్బే. రాతిగోడ కట్టుకుందాం అంటారేమో, గోడ కట్టిన చోట పక్క ఊరి ఒడ్డు కోసుకుపోతుంది.

సోంపేట బీల:
2010 జూలై 14న మా దగ్గర థర్మల్ ప్లాంటు గొడవలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. నీళ్లు నిలిచి, చేపలు పట్టి, పంట పండే బీల భూముల సంగతి కాగితాల్లో ఉండాల్సినట్టు లేకపోవడమే అంత దూరం తెచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంటు గొడవలో మళ్ళీ కాల్పులు. అందుకే చెప్తున్నాను, రోడ్డు మీదకి రాకముందే కాగితం చదవండి. మీ దిబ్బని, మీ వల లాగే చోటుని కంపెనీ పర్యావరణ ప్రభావ నివేదికలో ఏమని రాశారో చూడండి. ఖాళీ ప్రభుత్వ భూమి అని రాసి ఉంటే అక్కడే మీ గొడవ మొదలవ్వాలి.

శ్రీకాకుళం కోర్టు మెట్లు:
పైన చెప్పినదానికి కొనసాగింపు. 2025 సెప్టెంబరులో కేంద్రం అణు ఖనిజాల తవ్వకాలకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది, కాబట్టి మీ దగ్గర అది ఉంటుందో లేదో ముందు అడగండి. ఉంటే మాత్రం, 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్లో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో పెట్టాలి, సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి. అంతా వీడియో తీస్తారు. చివర్లో మాట్లాడినవన్నీ తెలుగులో చదివి వినిపించాలి. చాలా ఊళ్లు మోసపోయేది ఇక్కడే, భోజనాల టైమని జనం లేచిపోతారు, చదివింది ఎవరూ వినరు.

ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకోండి. అది ఓటింగు కాదు, కోరం కూడా లేదు. వెయ్యి మంది లేచి "వద్దు" అని అరిస్తే "ప్రజలు వ్యతిరేకించారు" అని ఒక లైను పడుతుంది. పది మంది పది వేరువేరు ప్రశ్నలు రాతపూర్వకంగా ఇస్తే ఒక్కోదానికీ సమాధానం రాసి తీరాలి. పలాస మిత్రుడు చెప్పిన తీరప్రాంత నిబంధనల్లోనే ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అత్యంత సున్నితమైన మొదటి శ్రేణిలో ఉన్నాయి. మన తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి, అవి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు, అంటే గట్టి రక్షణ ఉన్నవి. మీ ఊరి ఒడ్డున అవి గుడ్లు పెడితే అటవీ శాఖ దగ్గర నమోదై ఉందో లేదో వెళ్లి అడగండి.

వెరావల్ బోటు:
మాస్టారు చెప్పిన నీళ్ల లెక్క అర్థమైంది. అయినా నేనింకా వద్దనను. దిబ్బ ఉన్నా, లేకపోయినా ఆగస్టులో నేను రైలెక్కాల్సిందే కదా. ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వాలన్నారు కదా, మీరు ఆ ఉత్తరం రాస్తే అందులో నావి కూడా రాయండి. పర్మినెంటు ఉద్యోగాలు ఎన్ని, కాంట్రాక్టువి ఎన్ని, అందులో ఈ ఊళ్ల వాళ్లకి ఎన్ని, తవ్వకం అయిపోయాక వాళ్ల గతేంటి. ఎండుచేపల అమ్మ అడిగింది కూడా రాయండి, దానికి నా దగ్గరా జవాబు లేదు. దాంతో పాటే హార్బరు అడగండి. హార్బరు అడగకుండా ఉత్త "వద్దు" ఒక్కటే రాస్తే నేను సంతకం పెట్టను.

కళింగతీరం:
తమ్ముడూ, హార్బరు మొదటి పేజీలోనే రాస్తాను, ఉద్యోగాల లెక్క కూడా. మనిద్దరం ఒప్పుకోకపోయినా ఆ ఉత్తరం మీద ఇద్దరి సంతకాలూ ఉండొచ్చు.

నీళ్ల సంగతికి ఉత్తరం దాకా ఆగక్కర్లేదు. రేపు ఎవరైనా "నీళ్లు ముందు నుంచే ఉప్పు" అంటే మన చేతిలో ఏముంది? ఎండలు ముదరకముందే మా ఊళ్లో వాడుకలో ఉన్న నూతులన్నిటి నీళ్లు సీసాల్లో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకి ఇస్తాం. నుయ్యి ఎవరి వీధిలో ఉంది, లోతెంత, నీటి మట్టం ఎంత అన్నది పక్కన రాసి పెడతాం. తవ్వకం వచ్చినా రాకపోయినా ఆ కాగితం పనికొస్తుంది. శ్రీకూర్మం వైపు తీరం ఊళ్ల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీరు కూడా ఇదే నెలలో ఇవ్వండి. రసీదు మీద తేదీ, ల్యాబు ముద్ర ఉన్నాయో లేదో చూసుకోండి.