కామన్ మీటరుకి 10 కిలోవాట్ల సోలార్: లోడ్ పేచీ, టైమ్ ఆఫ్ డే టారిఫ్

కూకట్‌పల్లి వాసి:
మాది 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కామన్ మీటరు శాంక్షన్డ్ లోడ్ (కరెంటు కంపెనీ మంజూరు చేసిన గరిష్ఠ వాడకం) 8 కిలోవాట్లు. లిఫ్టు, 5 హెచ్‌పీ మోటారు, మెట్ల లైట్లు దాని మీదే. టెర్రస్‌పై 10 కిలోవాట్ల సోలార్ పెట్టాలని జనరల్ బాడీలో తీర్మానించాం. ముందు లోడ్ పెంచుకోవాలి, ఫీజిబిలిటీ రిపోర్టు (సోలార్ కలపడం సాంకేతికంగా వీలవుతుందన్న నివేదిక) రావాలి అంటున్నారు వెండర్. నిజమేనా? టైమ్ ఆఫ్ డే టారిఫ్ (రోజులో వేళను బట్టి మారే రేటు) వస్తే నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కి ఎక్స్‌పోర్ట్ చేసిన, అంటే పంపిన యూనిట్లను, ఇంపోర్ట్ చేసిన, అంటే తీసుకున్న యూనిట్ల నుంచి తీసేసే పద్ధతి) లాభం పోతుందా? ఈఆర్‌సీ (రేట్లు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ కమిషన్) దగ్గర మాలాంటివాళ్లు అభ్యంతరం చెప్పొచ్చా?

రూఫ్‌టాప్ ఇంజినీర్:
వెండర్ చెప్పింది పాత పద్ధతండీ. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024లో సవరించారు. 10 కిలోవాట్ల వరకు దరఖాస్తు అన్నివిధాలా సరిగ్గా ఉంటే ఫీజిబిలిటీ స్టడీ లేకుండానే ఆమోదించినట్టు లెక్క. అవసరమైన లోడ్ పెంపు కూడా డిస్కమే (కరెంటు పంపిణీ కంపెనీ) చేయాలి. 10 దాటితే స్టడీకి 15 రోజుల గడువు. అందుకే 12కి పోకుండా 10 దగ్గరే ఆగండి. ఇంటి కప్పు సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో అసోసియేషన్ కామన్ అవసరాలకు కిలోవాట్‌కి 18,000 చొప్పున సబ్సిడీ ఉంది, మీకు 1,80,000 వస్తుంది.

నీడ పడని జాగా సుమారు 1,000 చదరపు అడుగులు కావాలి. రోజుకి సగటున 40 యూనిట్లు వస్తాయి. ఫిక్స్‌డ్ చార్జీలు మాత్రం సోలార్‌తో తగ్గవు.

నెట్ మీటరు బిగించిన రోజే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రెండు రీడింగులూ ఫొటో తీసి పెట్టుకోండి. మొదటి బిల్లులో ఎక్స్‌పోర్ట్ నమోదు కాకపోతే మీ చేతిలో ఉండే రుజువు అదొక్కటే.

టారిఫ్ పరిశీలకుడు:
టైమ్ ఆఫ్ డే సంగతి. కేంద్రం 2023లో తెచ్చిన సవరణ ప్రకారం, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి వర్తించాలి. సౌర వేళల్లో రేటు మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ, పీక్‌లో (వాడకం బాగా ఎక్కువగా ఉండే వేళల్లో) గృహాల వంటి కేటగిరీలకు కనీసం 1.10 రెట్లు. కానీ కమిషన్ టారిఫ్ ఉత్తర్వులో రాసి, వేళలవారీగా నమోదు చేసే మీటరు పెట్టాకే అది మీ బిల్లులో కనిపిస్తుంది.

తెలంగాణ కమిషన్ 2024-25 ఉత్తర్వులో హెచ్‌టీ (హై టెన్షన్ కనెక్షన్ ఉన్న) పరిశ్రమలకు ఉదయం 6-10, సాయంత్రం 6-10 మధ్య యూనిట్‌కి రూపాయి అదనం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రూపాయిన్నర రాయితీ. రాయితీ రాత్రికి పెట్టడం బొగ్గు ప్లాంట్ల కాలం నాటి ఆలోచన. అర్ధరాత్రి ఆ ప్లాంట్లను తగ్గించడం కష్టం కనక వాడకాన్ని అటు లాగేవారు. ఇప్పుడు కరెంటు మిగిలేది మధ్యాహ్నం. రాయితీ అక్కడికి జరగాలన్నది నా గట్టి అభిప్రాయం.

మీరు అడగాల్సింది ఒక్కటే: మధ్యాహ్నం ఎక్స్‌పోర్ట్ చేసిన యూనిట్‌ని సాయంత్రం వాడిన యూనిట్‌కి ఒకటికొకటి సర్దుబాటు చేస్తారా, లేక ఏ వేళది ఆ వేళకేనా? రెండోదైతే పెట్టుబడి తిరిగి రావడానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది.

విచారణలు చూసేవాడు:
అభ్యంతరం ఎవరైనా చెప్పొచ్చు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 64 ప్రకారం ప్రజల సూచనలు పరిశీలించి కమిషన్ 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. పిటిషన్ వివరాలతో పేపర్లలో ప్రకటన వస్తుంది. అందులోని గడువులోగా అభ్యంతరాన్ని డిస్కమ్‌కి పంపండి. అందినట్టు రుజువు జతచేసి ఒక కాపీ కమిషన్ కార్యదర్శికి ఇవ్వండి. పూర్తి చిరునామా రాసి, స్వయంగా మాట్లాడదలిస్తే ఆ ముక్క కూడా రాయాలి. "రేట్లు పెంచొద్దు" అని ఊరుకుంటే జవాబు కూడా అంతే ముక్తసరిగా వస్తుంది. పిటిషన్‌లో ఏ పేజీ, ఏ పేరా అన్నది చూపి, మీ ఆరు నెలల రీడింగులు జతచేయండి. బిల్లు తగాదా అయితే ఈ దారి కాదు, ముందు సీజీఆర్‌ఎఫ్ (వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక), తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్.

కూకట్‌పల్లి వాసి:
ధన్యవాదాలండీ. మోటారు ఇప్పుడు ఉదయం 6కి వేస్తున్నాం. టైమర్ పెట్టి 11కి మార్చితే చాలా?

రూఫ్‌టాప్ ఇంజినీర్:
టైమర్ ఒక్కటీ చాలదండీ. మనిషికి 135 లీటర్ల లెక్కన, ఫ్లాటుకి నలుగురనుకుంటే 120 మందికి రోజుకి 16,200 లీటర్లు. ట్యాంకు 10,000 లీటర్లదైతే సాయంత్రం, మర్నాడు పొద్దున వాడకానికే ఖాళీ అవుతుంది. వాచ్‌మన్ 7కి మాన్యువల్‌లో వేసేస్తారు. 11కి, 3కి నింపి, తక్కువైతే ఉదయం 5కి, అంటే ఉదయం పీక్‌కి ముందే, ఒక విడత. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ (నిండగానే మోటారు ఆపేది) ఉండాలి. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేచోట సంపులో డ్రై రన్ ప్రొటెక్షన్ (నీళ్లు లేకుంటే మోటారు ఆపేది) తప్పనిసరి, లేకుంటే నీళ్లు రాని మధ్యాహ్నం మోటారు కాలిపోతుంది.