“మరి విశేషముగా” అంటే “మాత్రమే” అనా? (1 తిమోతి 4:10)

ప్రశ్న, కాజీపేట నుంచి:
అందరికీ నమస్తే. మా ఇంట్లో సగం మంది చర్చికి పోతారు, సగం మంది పోరు. మా నాయనమ్మ బాప్తిస్మం తీసుకోకుండానే పోయింది. దినాల నాడు వచ్చిన పాస్టర్ గారు “మంచి మనిషే, కానీ రక్షణ లేదు” అన్నారు, అంటే నరకమేనని. మా చిన్నాయన ఊరుకోకుండా “మనుష్యులకందరికి రక్షకుడును, మరి విశేషముగా విశ్వాసులకు రక్షకుడునైన” అనే వాక్యం చదివాడు. పాస్టర్ గారేమో ఇక్కడ “విశేషముగా” అంటే “మాత్రమే” అన్నారు. తెలుగు ప్రకారం అది కుదురుతుందా?

జవాబు, హన్మకొండ టీచర్:
కుదరదండీ. “పిల్లలందరికీ, విశేషంగా చిన్నోళ్లకు పాలు పోయి” అంటే పెద్దపిల్లలకు పొయ్యొద్దని ఎవరూ అనుకోరు. “మాత్రమే” అని చెప్పాలంటే తెలుగులో ఒక్క “ఏ” చాలు: “విశ్వాసులకే”. అనువాదకులకు ఆ సంగతి తెలియక కాదు. అపొస్తలుల కార్యములు 4:12లో “ఈ నామముననే” అని నొక్కి రాశారు. ఇక్కడ అట్లా రాయలేదు.

ఈ “విశేషముగా”కు మూలమైన గ్రీకులో ఉన్నది ‘మలిస్తా’. గలతీయులకు 6:10లోనూ అదే మాట: “అందరియెడలను, విశేషముగా విశ్వాసగృహమునకు చేరినవారియెడలను మేలు చేయుదము.” అక్కడ “మాత్రమే” అని ఏ పాస్టర్ గారూ చెప్పరు. వరదలప్పుడు అన్నం పొట్లాలు పంచేవాళ్లు నువ్వు మా సంఘమేనా అని అడగరు కదా.

జవాబు, జనగామ నుంచి:
సార్, 4:12 మీరే ఎత్తారు. “మరి ఎవనివలనను రక్షణ కలుగదు” అని అక్కడే ఉంది. మరి దాన్నేం చేస్తారు?

హన్మకొండ టీచర్:
అది ఎవరి వల్ల అనే ప్రశ్నకు జవాబు. ఎవరెవరికి అనేది వేరే ప్రశ్న. ఈ రెండిటినీ కలిపేయడంతోనే సగం గొడవ వస్తున్నది. యేసు వల్లనే రక్షణ అని గట్టిగా నమ్మేవాళ్లలోనే, ఆయన పేరు వినని మనిషి సంగతి దేవుడు చూసుకుంటాడు అనేవాళ్లూ ఉన్నారు.

జవాబు, ఫాతిమానగర్ నుంచి:
మా కతోలికుల మాట అదే. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు, మనస్సాక్షి చెప్పినట్టు నడుచుకుంటే రక్షణ పొందగలరని రెండో వాటికన్ మహాసభ (మా బిషప్పులందరి సభ) 1964లో రాసింది. “పొందగలరు” అన్నది గానీ అందరూ పొందుతారనలేదు.

జనగామ నుంచి:
పాతకాలపు ప్రొటెస్టంట్ పండితుడు కాల్విన్ ఇక్కడ “రక్షకుడు” అంటే అందరినీ పోషించి కాపాడేవాడు అని అర్థం చెప్పాడు. అట్లయితే నరకం మాట ఈ వాక్యంలో రానే రాదు.

హన్మకొండ టీచర్:
ఆ అర్థానికీ చోటుంది, కాదనను. కానీ అదే పత్రిక (తిమోతికి రాసిన ఈ ఉత్తరం) 2:4లో దేవుడు “మనుష్యులందరు రక్షణపొంది” ఉండాలని కోరుతున్నాడని ఉంది. అక్కడ “రక్షణ”కు తిండీ నీళ్లూ అని అర్థం చెప్పలేం. రెండు అధ్యాయాలు దాటగానే మాట మారిందంటే నాకు నమ్మబుద్ధి కాదు.

ఇంకో వాదన కూడా ఉంది. 1979లో స్కీట్ అనే పండితుడు, ‘మలిస్తా’కు కొన్నిచోట్ల “అంటే, అనగా” అని అర్థం వస్తుందని రాశాడు. 2 తిమోతి 4:13లో “పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను” అన్నచోట, ఆ పుస్తకాలే చర్మపు కాగితాలని ఆయన లెక్క. పాస్టర్ గారికి ఏదైనా ఆధారం ఉందంటే ఇదొక్కటే. కానీ దాన్ని ఇక్కడ పెడితే “మనుష్యులందరికి, అంటే విశ్వాసులకు” అవుతుంది. అప్పుడు “అందరికి” అన్న మాట ఎందుకున్నట్టు?

కాజీపేట నుంచి:
మరి మత్తయి 25:46లో “నిత్యశిక్ష” ఉంది కదా సార్, అదెవరికి?

హన్మకొండ టీచర్:
ఆ అధ్యాయం 35వ వచనం నుంచి చదవండమ్మా. అక్కడ తీర్పులో అడిగింది ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టారా, పరదేశిని చేర్చుకున్నారా అని. బాప్తిస్మం ఊసే లేదు. దాని మీద వేరే పోస్టు పెట్టండి, ఇందులో కలిపితే తెగదు.