సమస్య: గోడ దూకువాఁడె గొప్పవాఁడు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. రాజకీయమే రాయాలని రూలేం లేదు, కానీ అందరూ అటే పోతారని తెలుసు.

కందిరీగ:
పక్షమందె మూఁడు పక్షాలు మారిన
గయుని పేరు నిలిచెఁ గాదె నేఁడు
ఉన్న చోట నున్న నొరులెవ్వ రెరుఁగరు
గోడ దూకువాఁడె గొప్పవాఁడు.

1967లో హర్యానా ఎమ్మెల్యే గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారారు. పార్టీలు మారేవాళ్లను ‘ఆయారాం గయారాం’ అనడం ఆయన పుణ్యమే.

నిర్వాహకుడు: పక్షమంటే పదిహేను రోజులూ, పార్టీ కూడా; ఆ రెండు పక్షాల శ్లేష అదిరింది. అయితే ‘నేఁడు ఉన్న’ దగ్గర విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేశారు. ఉత్వసంధి నిత్యం కదండీ. ఇంకోటి, ఆయన మారింది మూడుసార్లే గానీ పక్షాలు రెండే: అటు కాంగ్రెస్, ఇటు యునైటెడ్ ఫ్రంట్. పైగా గయుడంటే నాకు అర్జునుణ్ణి శరణు కోరిన గంధర్వుడే గుర్తొస్తాడు. ఆయనదీ ఆశ్రయం వెతుక్కునే బాపతే అనుకోండి!

కందిరీగ: నిజమే గురువుగారూ. సవరించాను:
పక్షమందె తాను పక్షమున్ ముమ్మారు
మార్చు గయుని పేరు మఱచు టెట్లు
కదలకున్నవాని గతి యెవ్వ రెరుఁగరు
గోడ దూకువాఁడె గొప్పవాఁడు.

నిర్వాహకుడు: ఇప్పుడు శ్లేషా దక్కింది, లెక్కా కుదిరింది.

పాతపలక:
ఒక్కఁ డెగిరెనేని యూడిపోవుఁ బదవి
మూఁట రెండు పాళ్లు మూఁక యెగుర
దానిఁ జట్ట మనును తా విలీనంబని
గోడ దూకువాఁడె గొప్పవాఁడు.

1985లో రాజ్యాంగ 52వ సవరణతో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. మొదట్లో మూడో వంతు చీలితే చాలు, వేటు పడేది కాదు. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. మూడింట రెండొంతుల విలీనం మాత్రం ఉండిపోయింది.

కందిరీగ: మూక దూకితే ‘వాఁడె’ అని ఏకవచనమేంటండీ?

పాతపలక: మూకను వెంటేసుకుని దూకినవాడు. 1980లో హర్యానా ముఖ్యమంత్రి భజన్‌లాల్ తన జనతా ప్రభుత్వాన్ని అలాగే కాంగ్రెస్‌లోకి తీసుకెళ్లారు.

నిర్వాహకుడు: సమర్థన పద్యం బయట ఉంది, లోపలికి రావాలి. ‘తా’ యతి కోసం కూర్చున్నట్టుంది. ‘విలీనంబు’ను ఆటవెలదిలో ఇరికించినందుకు మాత్రం మెచ్చుకోవాలి.

కోనసీమ: నేను అటు పోలేదండీ.
సీతకొఱకు నాఁడు చిఱు రూపమునఁ గపి
లంక గోడ దాఁటె లాఘవముగఁ
బదవి కొఱకుఁ గాదు ప్రభుకార్యమున కట్టి
గోడ దూకువాఁడె గొప్పవాఁడు.

నిర్వాహకుడు: బాగుంది. సుందరకాండలోనూ హనుమ గుమ్మం గుండా పోలేదు, ప్రాకారం దూకే లంకలో అడుగుపెట్టాడు. కానీ మూడో పాదం చివర ‘కట్టి’, వెంటనే ‘గోడ’. గోడ కట్టి మరీ దూకాడా అని అడుగుతారు.

కోనసీమ: అయ్యో, అది ‘అట్టి’ అండీ!

పాతపలక: మన నాయకులకైతే ‘కట్టి’ అన్నా చెల్లుతుంది. సొంత పార్టీ కట్టుకుని, దాంతో సహా విలీనమైపోయినవాళ్లున్నారుగా.