ఈసాట్‌ ప్రవేశ పరీక్షకి పాత పేపర్లు అయిపోయాక పిల్లలకు ఏం ఇవ్వాలి?

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడి పిల్లలకు కేంబ్రిడ్జి ఇంజనీరింగ్ దరఖాస్తులో సాయం చేస్తున్నాం. యూకాస్ (అక్కడి యూనివర్సిటీల ఉమ్మడి దరఖాస్తు) ఫారానికి గడువు అక్టోబర్ 15, ఆ పని నడుస్తోంది. చిక్కంతా ఈసాట్‌తోనే. దానికి నమోదు వేరు. యూకాస్ నింపితే చాలనుకుని కొందరు గడువు దాటించేస్తారు. మ్యాథ్స్ 1, మ్యాథ్స్ 2, ఫిజిక్స్: ఒక్కోదానికి 40 నిమిషాల్లో 27 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు 90 సెకన్లు కూడా రావు, పైగా క్యాలిక్యులేటర్ ఉండదు. ఏ-లెవెల్లో (మన ఇంటర్ లాంటిది) దానికి అలవాటుపడ్డవాళ్లు భిన్నాలు, ఘాతాల దగ్గరే ఆగిపోతున్నారు. మైనస్ మార్కులు లేవు కదా, ఒక్కటీ ఖాళీ వదలొద్దని చెబుతున్నాం.

ఈసాట్‌కి ముందు ఉండే ప్రవేశ పరీక్షలు ఎంగా, ఎన్‌ఎస్‌ఏఏల పాత పేపర్లు అయిపోవచ్చాయి. తర్వాత మన ఎంసెట్ ఫిజిక్స్ బిట్లు ఇవ్వొచ్చా? వేగానికి బాగుంటాయి గానీ సిలబస్ బయటివి ఎక్కువేమో. ఏ చాప్టర్లు తీసేయాలో, ఏవి ఉంచాలో తెలిసినవాళ్లు చెప్పగలరా?